పిల్లికి మనసు మందు

కుదురులేని మనిషిని చూసి "కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు" అంటాము. పిల్లికి కుదురు తప్పితే ఎలా ఉంటుందో మన పెద్దలు గమనించబట్టే ఆ మాట పుట్టి ఉంటుంది. అయినా, నిజంగానే ఒక పిల్లికి కుదురు తప్పిందనీ, దానికి డాక్టరు మందు వ్రాసిందనీ, అది మనుషుల దిగులుకు ఇచ్చే మందేననీ చెబితే మాత్రం వినేవారు ముందు నవ్వుతారు. మా బంధువులూ నవ్వారు. నవ్విన వారిని తప్పుపట్టను. కాని నవ్వి ఊరుకోక, "ఇంతేగదా! మా అమ్మ వేసుకునే మాత్ర సగం విరిచి మా పిల్లికీ వేస్తే సరి" అన్నవారు ఇద్దరు ముగ్గురున్నారు. ముఖ్యంగా వారి కోసమే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మేము నాలుగు తరాలుగా చెన్నపట్నంలో ఉంటున్నాము. తండయారుపేటలో మావారి తాతగారు కట్టించిన పెంకుటింటి పెరట్లో, 2017 వానల్లో తడిసి వణుకుతూ దొరికాడు మా చిట్టిగాడు. తెచ్చి తుడిచి పాలు పోసినది మా పెద్దత్తగారు, అంటే మా అత్తగారి అక్కగారు. ఆమెకు పిల్లలు లేరు. భర్త పోయాక చెల్లెలి ఇంటికి వచ్చి, తర్వాత చెల్లెలూ పోతే, ఆమె కొడుకులిద్దరినీ తానే పెంచి పెద్ద చేశారు. ఆ ఇద్దరిలో పెద్దవారు మావారు, చిన్నవాడు మా మరిది. ఇప్పుడు ఎవరి ఉద్యోగం వారిది, ఎవరి గొడవ వారిది. పగలల్లా ఆ ఇంట్లో ఉండేది ఆమె, ఆమె కాళ్ళదగ్గర చిట్టిగాడు. వాడికి ఈడు రాగానే పశువుల ఆస్పత్రికి తీసుకుపోయి ఆపరేషన్ కూడా ఆమే చేయించారు.

2022 వేసవిలో ఆ ఇల్లు పంపకాలలో చేతులు మారింది. మేము పెరంబూరులో మూడో అంతస్తు ఫ్లాట్‌లోకి అద్దెకు వచ్చాము. పెరడు లేదు, గోడ లేదు, జామచెట్టు లేదు. పైగా ఆ మేడమెట్లమీద ఒక గండుపిల్లి కాపురం. అది రోజూ మా గుమ్మం బయట కూర్చుని తలుపు సందులో వాసన చూసి పోయేది. పదిరోజులు తిరక్కుండానే చిట్టిగాడు మారిపోయాడు. వీధి తలుపుకు వీపు తిప్పి, తోక నిలబెట్టి ఆడిస్తూ చిమ్మేవాడు. దివాను కాళ్ళు, చెప్పుల స్టాండు, వచ్చినవారి సంచులు, ఏదీ మిగల్లేదు. తీరిక దొరికితే పొట్ట నాక్కోవడమే పని. నాకి నాకి పొట్టమీద వెంట్రుకలు పోయి గులాబీరంగు చర్మం బయటపడింది. రాత్రిళ్ళు తలుపు దగ్గరే కాపలా. మా పెద్దత్తగారి కాళ్ళదగ్గర పడుకోవడం మానేశాడు.

ఇంటి యజమాని మెట్లమీద వాసన వస్తున్నదని ఒకసారి చెప్పారు, రెండోసారి చెప్పారు, మూడోసారి నెలరోజులు గడువు పెట్టారు. పిల్లి అయినా ఉండాలి, మేమయినా ఉండాలి అన్నట్టయింది. గోనెసంచిలో పెట్టి చేపల బజారులో వదిలేస్తే వాడి బతుకు వాడు బతుకుతాడన్నారు ఒకరు. మా మరిది మంచివాడే, కాని తొందరమనిషి. "నిద్రమాత్ర చిన్న ముక్క వేస్తే పడి ఉంటుంది గదా వదినా" అన్నాడు. మా పెద్దత్తగారు ఏమీ అనలేదు. ఆ పూట భోజనానికి లేవలేదు. ఆమె డెబ్బైనాలుగేళ్ళ మనిషి. వాణ్ణి వదిలేస్తే ఆ ఇంట్లో పోయేది ఒక్క పిల్లి మాత్రమే కాదని నాకు తోచింది. మర్నాడే ఆమెనూ పిల్లినీ మరిదినీ వెంటబెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

మన పట్నంలో పశువైద్యం ఈనాటిది కాదు. మద్రాసు పశువైద్య కళాశాల 1903లో మొదలయింది. వేపేరిలో దాని ఆస్పత్రి తెలియనివారు లేరు. మేము చూపించిన డాక్టరమ్మ అక్కడ చదువుకుని, సొంతంగా ఆస్పత్రి పెట్టుకున్న మనిషి. ఆమె మందు మాట ఎత్తలేదు. ముందు, "వాడు చేసేది చిమ్మడమా, మూత్రానికి కూర్చోవడమా?" అని అడిగింది. రెండింటికీ భేదముందట. నిలబడి తోక ఆడిస్తూ నిలువు గోడలమీద చిమ్మితే అది హద్దులు పెట్టుకోవడం. కింద కూర్చుని కండపడని చోట పోస్తే అది వేరే సంగతి. ఇసుక పళ్ళెం నచ్చకపోవచ్చు, మూత్రంలో మంట ఉండవచ్చు. ఆపరేషన్ అయిన మగపిల్లుల్లో కూడా నూటికి పదింటికి, ఆడపిల్లుల్లో నూటికి అయిదింటికి చిమ్మే అలవాటు మిగులుతుందని ఆమె చెప్పింది. కాబట్టి ఆపరేషన్ చేయించాం గదా అని ధీమా పనికిరాదు.

ఇంకొక మాట ఆమె మరీ గట్టిగా చెప్పింది. పిల్లులున్న ప్రతి ఇల్లూ దీన్ని గుర్తుపెట్టుకోవాలి. మగపిల్లి మాటిమాటికీ పళ్ళెంలోకి వెళ్ళి ముక్కుతూ, అరుస్తూ, చుక్కయినా రాకుండా తిరిగివస్తుంటే అది మనసు సంగతి కాదు, మూత్రనాళం మూసుకుపోవడం. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. ఆ పూటకాపూటే, రాత్రయినా సరే, ఆస్పత్రికి పరుగెత్తవలసిందే.

చిట్టిగాడి మూత్రం పరీక్షించారు, రక్తం తీశారు. కాలేయం, మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో చూశారు. వయసు మళ్ళిన పిల్లి అయితే థైరాయిడ్ కూడా చూడాలట. పొట్టమీద చర్మానికి గోకి, పురుగూ పుట్రా లేవని తేల్చుకున్నారు. ఒంట్లో రోగం లేదని తేలిన తర్వాతే మనసు సంగతి ఎత్తాలన్నది ఆమె పద్ధతి. నొప్పితో ఉన్న పిల్లికి మనసు మందు ఇస్తే, నొప్పి నొప్పిగానే ఉండి, పిల్లి మాత్రం చెప్పుకోలేని స్థితికి వస్తుంది. ఇంతకన్న అన్యాయం ఉండదు.

అన్నీ చూసి, చీటీ వ్రాసేముందు ఆమె ఒక ప్రశ్న వేసింది. "మీ ఇంట్లో ఎవరైనా దిగులుకో, నిద్రకో, నరాలకో మాత్రలు వాడుతున్నారా? దాచకుండా చెప్పండి. పిల్లి కోసం అడుగుతున్నాను" అని తమిళంలో అడిగింది. "మా ఇంట్లో ఎవరికీ అలాంటివేమీ లేవండీ" అని మా మరిది వెంటనే జవాబిచ్చాడు. కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. తర్వాత మా పెద్దత్తగారు, "నేను వేసుకుంటున్నానమ్మా. మూడేళ్ళయింది" అన్నారు. తమిళంలో అడిగిన దానికి తెలుగులో చెప్పారు. యాభై యేళ్ళుగా బయటివారితో చక్కటి తమిళం మాట్లాడే మనిషి. డాక్టరమ్మ నా ముఖం వంక చూసింది. నేను ఆ మాట తమిళంలో చెప్పాను.

నెలకొకసారి కంటి ఆస్పత్రికని ఆమె ఒక్కరే వెళ్ళివచ్చేది అందుకేనట. మాత్రలు మినప్పప్పు డబ్బాలో, పప్పు అడుగున ఉండేవట. మా మరిది తల వంచుకున్నాడు. డాక్టరమ్మ మాత్రం షుగరు మాత్రల సంగతి విన్నంత మామూలుగా విని, మందు పేరడిగి వ్రాసుకుని, "చెప్పి మంచిపని చేశారు. మీ మందూ వీడికి ఇవ్వబోయే మందూ ఒకే జాతివి. మోతాదులే వేరు. రెండూ ఒక చోట ఉండకూడదు. పప్పు డబ్బా అసలే వద్దు" అంది.

ఎందుకు వద్దో కూడా చెప్పింది. మనుషుల దిగులు మందుల్లో వెన్లాఫాక్సిన్ అని ఒకటి ఉంది. పిల్లులు ఏ మాత్రా ముట్టవు గాని, ఈ మందు గొట్టాలను మాత్రం వెతుక్కుని మరీ ఇష్టంగా నమిలి మింగుతాయని విషవైద్యులు గమనించారు. కిందపడిన ఒక్క గొట్టం చాలు, పిల్లి వణుకుతూ, కనుపాపలు పెద్దవై, గుండె దడదడ కొట్టుకుంటూ ఆస్పత్రిలో చేరడానికి. మనవాళ్ళ మంచాల కింద, దిండ్ల కింద మాత్రలు దొర్లుతుంటాయి గదా! పిల్లి పడుకునే గదిలో ఆ అలవాటు మానుకోవాలి.

ఇక ఆ మందు సంగతి. స్విట్జర్లండులో రోలండ్ కూన్ అనే వైద్యుడు 1957లో ఇమిప్రమిన్ అనే మందు మనుషుల దిగులును తగ్గిస్తుందని ప్రకటించాడు. ఆ వంశంలో పుట్టినవే క్లోమిప్రమిన్, అమిట్రిప్టిలిన్. తర్వాత వేరే దారిలో ఫ్లూఆక్సెటిన్ వచ్చింది. 1987 చివర అమెరికాలో దానికి అనుమతి దొరికింది. మెదడులో ఒక నరంనుంచి మరొక నరానికి కబురు మోసే పదార్థాలలో సెరటోనిన్ ఒకటి. పని కాగానే దాన్ని తిరిగి లోపలికి పీల్చుకోవడం నరాల అలవాటు. ఆ పీల్చుకోవడాన్ని ఈ మందు అడ్డుతుంది. మనిషి మెదడులోనూ పిల్లి మెదడులోనూ ఈ ఏర్పాటు ఒక్కటే. అందుకే మందూ ఒక్కటే అయింది. 2001లో అమెరికాలోని డేవిస్‌లో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు, చిమ్మే అలవాటున్న పిల్లులలో కొన్నిటికి ఫ్లూఆక్సెటిన్, కొన్నిటికి ఉత్తుత్తి మందు ఇచ్చి చూశారు. అసలు మందు తిన్నవాటిలో చిమ్మడం బాగా తగ్గింది. మందు ఆపాక కొన్నిటిలో మళ్ళీ మొదలయింది. అంటే ఇది గుణమిచ్చే మందే గాని మంత్రం కాదు.

మోతాదు దగ్గరే అసలు ప్రమాదమంతా. ఫ్లూఆక్సెటిన్ పిల్లికి కిలో బరువుకు అర మిల్లీగ్రాము మొదలు ఒక మిల్లీగ్రాము వరకు, రోజుకొకసారి ఇస్తారు. చిట్టిగాడి బరువు నాలుగు కిలోలు. లెక్కవేయండి, రెండునుంచి నాలుగు మిల్లీగ్రాములు. మనుషుల గొట్టంలో ఉండేది తరచు ఇరవై. అంటే అయిదు మొదలు పది రెట్లు! "సగం విరిచి వేస్తే సరి" అనేవారు ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి. గొట్టం విప్పి పొడిని కంటిచూపుతో భాగాలు చేయడం కూడా పనికిరాదు. మా డాక్టరమ్మ తన కాంపౌండరుచేత తూకం వేయించి, రోజుకొక పొట్లంగా కట్టించి ఇచ్చింది. ఈ అంకెలు ఎందుకు వ్రాశానంటే, భయం కలగడానికి. చూసి మందు వేయడానికి కాదు. మూర్ఛలు వచ్చే పిల్లికి, కాలేయమో మూత్రపిండాలో చెడిన పిల్లికి ఈ లెక్కే మారిపోతుంది. క్లోమిప్రమిన్, అమిట్రిప్టిలిన్‌ల మోతాదులు వేరు, వాటి పేచీలూ వేరు. అవి మూత్రాన్ని బిగబట్టగలవు, గుండె కొట్టుకునే తీరును మార్చగలవు. అందుకని గుండెజబ్బున్న పిల్లికి ముందుగా ఆ పరీక్ష కావాలి.

పిల్లి అంటే చిన్న మనిషి కాదు, చిన్న కుక్క కూడా కాదు. కొన్ని పదార్థాలను విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి పిల్లిని చంపగలదు. నేల తుడిచే ఫినాయిలు కూడా ఆ కోవలోదే. పిల్లి దానిమీద నడిచి పాదాలు నాక్కుంటే చాలు. చిమ్మిన చోట వాసన పోవడానికని మనం బకెట్లకొద్దీ ఫినాయిలు పోస్తాము! దానికి బదులు ఎంజైములుండే ద్రవాలు పిల్లుల సామాను అమ్మే షాపుల్లో దొరుకుతాయి. అవి వాసనను కప్పడం కాదు, మూలాన్నే విరుస్తాయి. వాసన మిగిలితే పిల్లి మళ్ళీ అక్కడే చిమ్ముతుంది.

మందు మొదలుపెట్టిన మొదటి వారం గడ్డుది. చిట్టిగాడు మందకొడిగా పడుకున్నాడు, తిండి తగ్గించాడు. ఇది రావచ్చునని ముందే చెప్పారు గనుక కంగారు పడలేదు. కాని లెక్క వ్రాశాము. ఎంత తిన్నాడు, ఎన్నిసార్లు మూత్రం పోశాడు, విరేచనం అయిందా లేదా, అన్నీ కాలెండరుమీద గుర్తులు. పిల్లి ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే డాక్టరుకు ఫోను చేయాలి. వరుసగా కొన్ని రోజులు తినకపోతే, అందులోనూ లావుపాటి పిల్లి అయితే, ఒంట్లో కొవ్వంతా కాలేయంలో చేరి అదే ప్రాణాంతకమవుతుంది. మనిషి ఉపవాసం ఉంటే పుణ్యమేమో గాని పిల్లికి ఉపవాసం పనికిరాదు. ఇక్కడ ఒక చిత్రం చెప్పాలి. మిర్టాజపిన్ అనే మరొక దిగులు మందు పిల్లులకు ఆకలి పుట్టిస్తుంది. చెవి లోపలివైపు రాసే లేపనంగా దానికి 2018లో అమెరికాలో అనుమతి ఇచ్చారు, బరువు తగ్గిపోతున్న పిల్లుల కోసం. రాసేవారు చేతికి తొడుగు వేసుకోవాలి, లేకపోతే మందు మన ఒంట్లోకీ వస్తుంది. ఇది చూసి ఫ్లూఆక్సెటిన్ కూడా చెవికి రాయవచ్చు గదా అనుకోకూడదు. చర్మం ద్వారా అది సరిగా ఎక్కదు.

మందుకు మందు కలిస్తే వచ్చే ముప్పు మరొకటి. సెరటోనిన్‌ను పెంచే మందులు రెండు ఒకేసారి పడితే పిల్లి నిలకడలేక తిరుగుతుంది, వణుకుతుంది, ఒళ్ళు కాలిపోతుంది, చొంగ కారుస్తుంది, వాంతులు, విరేచనాలు, చివరకు మూర్ఛ కూడా రావచ్చు. నొప్పులకు ఇచ్చే ట్రమడాల్ అలాంటిది. సెలెజిలిన్ అలాంటిది. కుక్కల పిడుదులకు వాడే అమిట్రాజ్‌తోనూ పడదు. అందుచేత దెబ్బ తగిలినా, పన్ను తీయించినా, మరొక డాక్టరు దగ్గరికి వెళ్ళినా, మొదట చెప్పవలసిన మాట, "మా పిల్లి ఫలానా మందు వాడుతున్నది" అని. ఫ్లూఆక్సెటిన్ ఆపేసిన తర్వాత కూడా కొన్ని వారాలు ఒంట్లో ఉంటుంది. ఆ వారాల్లోనూ ఈ మాట చెప్పాల్సిందే.

మింగించడం ఒక విద్య. మా పెద్దత్తగారు తొలిరోజు పొట్లం బెల్లప్పాకంలో కలిపారు. చిట్టిగాడు దాని వంకైనా చూడలేదు. పిల్లి నాలుకకు తీపి తెలియదు, చేదు మాత్రం బాగా తెలుసు. ఈ మందు పరమ చేదు. మా ఇంట్లోకి చేప రాదు. చివరకు పిల్లుల కోసం అమ్మే చేపల ముద్ద గొట్టం తెచ్చి, వాకిట్లోనే విప్పి, చిన్న మూతలో పొడి కలిపి పెట్టాము. పూర్తిగా నాకేశాడా లేదా అని నిలబడి చూడటం ముఖ్యం. మాత్రగానే మింగించేవారు వెనుకనే సూదిలేని సిరంజితో నాలుగైదు మిల్లీలీటర్ల నీళ్ళు మెల్లగా పట్టాలి. పొడిమాత్ర పిల్లి గొంతు దిగక మధ్యలో నిలిచి పుండు చేస్తుంది. ఒక పూట తప్పితే మర్నాడు రెండు వేయరాదు. ఉమ్మేశాడో మింగాడో తెలియకపోతే మళ్ళీ వేయరాదు.

ఇదంతా మందు సంగతి. మందుతోపాటు ఇల్లు కూడా మారాలని డాక్టరమ్మ పట్టుబట్టింది. అమెరికాలో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో టోనీ బఫింగ్టన్ అనే పశువైద్యుడు, ఇంట్లోనే ఉండే పిల్లుల మూత్రాశయపు వాపుకు వాటి పరిసరాలు మార్చడమే మంచి వైద్యమని 2006లో చూపించాడు. పిల్లికి దాక్కునే చోటు, ఎక్కి కూర్చునే ఎత్తు, కిటికీ, ఆట, వేళకు తిండి, శుభ్రమైన ఇసుక ఉండాలి. ఇసుక పళ్ళాలు పిల్లులెన్నో వాటికన్న ఒకటి ఎక్కువ. మేము వీధి తలుపు కింది సందును గుడ్డచుట్టతో మూశాము. వంటింటి కిటికీ దగ్గర బీరువామీద పాత దుప్పటి పరిచాము. పళ్ళాలు రెండు చేశాము. మా అమ్మాయి రోజూ సాయంత్రం తాడు కట్టిన ఈకతో పావుగంట ఆడించింది. మెట్లమీది గండుపిల్లికి మా మరిదే పూనుకుని ఆపరేషన్ చేయించాడు. కసరడం, కొట్టడం, నీళ్ళు చల్లడం పూర్తిగా మానాము. భయంతో చిమ్మేవాణ్ణి భయపెడితే మరింత చిమ్ముతాడు గాని మానడు.

పన్నెండో రోజున చిట్టిగాడు కొత్త చెప్పులమీద చిమ్మాడు. "ఇంత డబ్బు పోసి పిచ్చి మందు తెచ్చాము, గుణమేదీ?" అన్నాడు మరిది. మా పెద్దత్తగారు కూరగాయలు తరుగుతున్నవారు కత్తిపీట పక్కకు పెట్టి, "ఒరే, ఇది తలనొప్పి మాత్ర కాదురా, వేసిన గంటకు పనిచేయడానికి. నాకు మొదటి పదిరోజులు నోరెండిపోయింది. అన్నం సహించలేదు. మానేద్దామనుకున్నాను. నెల దాటాక ఒకనాడు తెల్లవారుజామున మెలకువ వచ్చింది గాని ఏడుపు రాలేదు. అప్పుడు తెలిసింది మందు పట్టిందని. వాడికీ నెల పడుతుంది. ఓర్చుకో" అన్నారు. ఆమె నోట ఈ మాటలు విన్నది మాకు అదే మొదలు. మరిది ఏమీ అనలేదు. ఆ నెలనుంచి ఆమెను ఆస్పత్రికి వాడే తీసుకువెళుతున్నాడు.

ఆమె చెప్పినట్టే జరిగింది. ఈ మందులకు నాలుగునుంచి ఆరు వారాలు పడుతుంది. ఆరో వారానికి రోజుకు మూడు నాలుగుసార్లు చిమ్మేవాడు వారానికి ఒకసారికి వచ్చాడు. పొట్టమీద నూగు మొలిచింది. ఒక రాత్రి మళ్ళీ వచ్చి ఆమె కాళ్ళదగ్గర పడుకున్నాడు. ఇంటి యజమాని గడువు పొడిగించారు. మేము తలుపుకు రంగు వేయించి ఇచ్చాము.

బాగుపడ్డాడు గదా అని మందు ఆపేయలేదు. ఒక్కసారిగా ఆపకూడదు. ఎనిమిది నెలలు ఇచ్చి, తర్వాత డాక్టరమ్మ చెప్పినట్టు ఒకటి రెండు వారాలకొక మెట్టు చొప్పున కొంచెం కొంచెంగా తగ్గించి మాన్పించాము. కొన్ని పిల్లులకు ఏళ్ళతరబడి కావలసి ఉంటుందట. అలాంటివాటికి అప్పుడప్పుడు రక్తపరీక్ష అవసరం. చిట్టిగాడు ఇప్పటికీ దీపావళి టపాకాయల రోజుల్లో ఒకటి రెండుసార్లు చిమ్ముతాడు. ఆ మాత్రానికి గుడ్డ పట్టుకుని తుడుచుకుంటాము.

ఇంత వ్రాసినా నేను చెప్పదలచినది ఒక్కటే. ఈ మందు పిల్లిని మనకు అడ్డు రాకుండా పడుకోబెట్టడానికి కాదు. దాని భయం తగ్గి, తిరిగి పిల్లిలా బతకడానికి. పిల్లి ఆడుకోక, తినక, మూలన రాయిలా పడి ఉంటే మందు పనిచేస్తున్నదని సంతోషించకండి, డాక్టరుకు చెప్పండి. ఒంటి రోగం లేదని తేల్చుకోండి. మోతాదు పశువుల డాక్టరు నోటనే వినండి. ఇంట్లోవారి మాత్రల డబ్బా పిల్లికి అందనివ్వకండి. ఆరు వారాలు ఓపిక పట్టండి.

మరొక మాట కూడా చెప్పకుండా ఉండలేను. మన ఇళ్ళలో షుగరు మాత్రలు పళ్ళెం పక్కన పెట్టుకుంటాము, రక్తపోటు మాత్రల పేర్లు పెళ్ళిపందిట్లో చెప్పుకుంటాము. మనసుకు వేసుకునే మాత్ర మాత్రం పప్పు డబ్బా అడుక్కి పోతుంది. డాక్టరు అడిగినపుడు "మా ఇంట్లో ఎవరికీ లేవండీ" అంటాము. ఆ దాపరికంవల్ల పిల్లికి ఎంత ప్రమాదమో పైన వ్రాశాను. మనిషికి ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. మా పెద్దత్తగారి మాత్రలు ఇప్పుడు గట్టి మూత ఉన్న డబ్బాలో, పేరు వ్రాసిన చీటీతో, అల్మారా పై అరలో అందరికీ కనబడేటట్టు ఉంటున్నాయి. వేళకు వేసుకున్నారా అని మా అమ్మాయి అడుగుతున్నది. ఆమె "వేసుకున్నానే" అంటున్నారు.